గీతగాండ్ర పెద్దదిక్కు ధర్మభిక్షం

హైదరాబాదు నుండి బెజవాడకు పోయే రాజబాట నల్లగొండ సీమ నడుమగా సాగుతుంది. ఆ బాట మీద సూర్యాపేట ఒక మజిలీ. పొలిమేర దగ్గరి కోదాడ మరొక మజిలీ. దక్షిణంగా కృష్ణానది వైపు దిగితే మిర్యాలగూడ తగులుతుంది. సాగరు కాలువ నీరు రాకపూర్వం ఈ మూడు ఊళ్ల నడుమ ఎటు చూచినా మెట్టచేలు, చెరువుకట్టలు, ఆ కట్టల మీద బారులు తీరిన తాళ్లు, వాగుల వెంట ఈతవనాలు కానవచ్చేవి. వానలు తప్పి జొన్న మాడిపోయిన యేడు కూడా ఆ చెట్లు ఎంతో కొంత ఇస్తూనే ఉండేవి. వాటిని నమ్ముకొని వేలాది గీత కుటుంబాలు బ్రతికినవి.

ఆ కుటుంబాలలో ఒకదానియందు పుట్టి, ఆ వృత్తివారి కష్టసుఖాలను శాసనసభ మొదలు పార్లమెంటు వరకు తీసుకొనిపోయిన నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం. నిజాము రాజ్యంలో ప్రజా ఉద్యమ కార్యకర్తగా, పేద విద్యార్థుల పోషకుడుగా, కమ్యూనిస్టు నాయకుడుగా ఆయన ప్రసిద్ధులు. అయితే నల్లగొండ, సూర్యాపేట పల్లెలలో ముసలి గీతగాండ్రకు ఆయన మొదట తమ సంఘం పెద్ద. తక్కిన పేర్లన్నీ ఆ తరువాతివి. కల్లు మంచిదా, చెడ్డదా అని లోకం వాదించుకొంటూ ఉండగా, చెట్టు ఎక్కేవాడు రేపు ఏమి తిని బ్రతకాలనే ప్రశ్నను విడువక పట్టుకొన్న జీవితం ఆయనది.

బాల్యం - వసతిగృహం

ఆయన 1922వ సంవత్సరం ఫిబ్రవరి 15వ తేదీన జన్మించినారు. తండ్రి ముత్తిలింగం, తల్లి గోపమ్మ. భిక్షం అనే పేరు తెలంగాణపు పేద ఇండ్లలో పరిపాటిగా వినవచ్చేదే. ఆయన చిన్ననాటికి హైదరాబాదు సంస్థానంలో బడి అంటే ఉర్దూ బడి. ఇంటిలో ఒక భాష, బడిలో మరొక భాష. తెలుగు చదువుకొనవలెనంటే గ్రంథాలయోద్యమం వారు నెలకొల్పిన చిన్న చిన్న పఠన మందిరాలే దిక్కు. పల్లెటూరి పేదవానికి ఆ ఉర్దూ బడియైనా అందుబాటులో ఉండేది కాదు. బడి తాలూకా కేంద్రంలో ఉండేది. పిల్లవాడు పల్లెలో ఉండేవాడు. నడుమ నిలుచుటకు చోటు, తినుటకు మెతుకు లేక ఎందరి చదువో మొదటిలోనే తెగిపోయేది.

ఈ లోటును చూచి యువకుడైన భిక్షం సూర్యాపేటలో విద్యార్థి వసతిగృహం నడుపుటకు పూనుకొన్నారు. దానికి ఈనాములు లేవు, సర్కారు గ్రాంటు లేదు. ఇంటింటికి పోయి, గింజలు, పైకము యాచించి, వచ్చినదానితో పిల్లలకు అన్నం పెట్టినారు. భిక్షం అనే పేరుకు ముందు ధర్మం అనే మాట చేరి ధర్మభిక్షంగా ప్రజల నోట స్థిరపడినది. తలిదండ్రులు పెట్టిన పేరులో సగమే ఉండగా మిగిలిన సగాన్ని ఊరివారు పూరించినారన్నమాట. ఆ వసతిగృహంలో కులభేదం లేకుండా పిల్లలు కలిసి కూర్చుండి తిన్నారు, చదివినారు, లోకం సంగతులు చర్చించుకొన్నారు. వారిలో పలువురు తరువాతి కాలంలో తెలంగాణా ఉద్యమంలో కార్యకర్తలైనారు.

చెట్టు, కత్తి, గుత్త

ధర్మభిక్షం జీవితకార్యాన్ని అర్థం చేసికొనుటకు గీత వృత్తి సంగతి కొంత తెలియవలసి ఉన్నది. నడుముకు ముత్తాదు కట్టుకొని, మోకును చెట్టు చుట్టూ వేసి, పాదాలకు బంధం తగిలించుకొని గీతగాడు తాడిచెట్టు ఎక్కుతాడు. మొవ్వు దగ్గర గెలను పలుచగా చెక్కి, దానికి లొట్టి కట్టి దిగుతాడు. ఆ గెలను ప్రతి దినం, పూట పూటకూ మరల మరల చెక్కవలె. రెండు మూడు దినాలు విడిచిపెడితే గెల ఎండి, కారుట మానుతుంది. ఆ గెల నుండి ఆ యేటికి రావలసిన రాబడి అంతటితో సరి. చేను ఒక వారం ఆలస్యమైనా ఓర్చుకొంటుంది, తాడిచెట్టు ఓర్చుకొనదు.

దించిన కల్లు సంగతి అంతకంటె సున్నితం. ఉదయం తియ్యగా ఉన్నది సాయంకాలానికి పులిసిపోతుంది. మరునాటికి పనికి రాదు. ధాన్యం వలె పాతర వేయుటకు గాని, సీమసారా వలె సీసాలలో దాచుటకు గాని వీలు లేదు. ధర పెరిగేవరకు ఆగుదామన్నా ఆగలేడు. దుకాణం ఒకనాడు మూతపడితే ఆ దినపు కష్టమంతా నేలపాలే. ఇట్టి సరుకుతో బ్రతికేవానికి బేరమాడే శక్తి ఎంత తక్కువగా ఉంటుందో వేరుగా చెప్పనక్కరలేదు. కాలు జారినా, మోకు తెగినా ప్రాణం పోతుంది, లేదా నడుము విరిగి ఇంటిల్లిపాదికి భారమవుతుంది.

ఇంత కష్టానికి ఫలం ఎవరికి దక్కేది? నిజాము ప్రభుత్వానికి అబ్కారీ రాబడి భూమిశిస్తు తరువాత చెప్పదగిన పెద్ద ఆదాయాలలో ఒకటి. ప్రభుత్వం కల్లు అమ్మే హక్కును వేలం వేసేది. ధనవంతులైన గుత్తేదారులు ఊళ్లకు ఊళ్లే పాడుకొనేవారు. చెట్టుకు పన్ను వేరు. చెట్టు ఉన్న భూమి హక్కుదారునికి చెల్లించవలసిన మాలికానా వేరు. గీతగాడు గుత్తేదారు చెప్పిన ధరకు కల్లు పోసి, అతడిచ్చిన కూలి తీసికొనేవాడు. దీనికి తోడు వెట్టి. దొరగారి గడీకి కొన్ని చెట్ల కల్లు ప్రత్యేకంగా, ఉచితంగా పోయవలె. ఊరికి అధికారి వస్తే ఆయన పరివారానికీ అంతే. లేదన్నవానికి చెట్లు దక్కేవి కావు. కాటమయ్యకు మొక్కుకొని చెట్టెక్కినవాడు క్షేమంగా దిగినా, దిగిన పిమ్మట అతనిని దేవుడు కూడా కాపాడలేని స్థితి అది.

యుద్ధకాలం

1939లో రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభమైనది. యుద్ధం ఎక్కడో జరిగినా దాని వేడి ఈ సీమ పల్లెలకు తగిలినది. గుడ్డ, కిరసనాయిలు కరవైనవి. నిజాము ప్రభుత్వం లెవీ పేరిట రైతుల నుండి ధాన్యం వసూలు చేయుట ప్రారంభించినది. వేల ఎకరాల భూస్వాములు లెక్కలు తప్పించుకోగా చిన్న రైతుల గాదెలు ఊడ్చుకొనిపోయినవి. చిన్న రైతు చేతిలో గింజ లేకపోతే కల్లు ముంతకు ఇచ్చేది ఏమున్నది? ఆ దెబ్బ ఊరిలోని చేతివృత్తులన్నింటికీ ప్రాకినది.

యుద్ధకాలపు కట్టడి చిన్నవాని మీద పడే తీరు ఈ దేశానికే ప్రత్యేకం కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు ప్రభుత్వం తన ఏలుబడిలోని ఐర్లండులో కూడా బీరు తయారీని తగ్గించినది. యవలు, చక్కెర ఆహారానికి కావలెను. సరుకు తెచ్చే ఓడలను జర్మను జలాంతర్గాములు ముంచివేస్తున్నవి. అందుచేత 1916లో శాసనం చేసి, 1917లో మరింత బిగించి, యుద్ధపూర్వపు ఉత్పత్తిలో మూడవ వంతుకు లోపుగా కుదించుటకు ప్రభుత్వం తలపెట్టినది. నిరసనలు వచ్చిన పిమ్మట కొంత సడలించినది. డబ్లిను నగరంలోని పెద్ద బట్టీలకు మూలధనం ఉన్నది, పార్లమెంటులో మాట చెల్లుబడి ఉన్నది. పల్లెటూరిలో ఒక ప్రక్క పప్పూ ఉప్పూ, మరొక ప్రక్క బీరు అమ్ముకొని బ్రతికే చిన్న దుకాణదారునికి ఆ రెండూ లేవు. పీపాలు తగ్గినవి, సరుకు పలుచనైనది, ధర పెరిగినది. వాడుకగా వచ్చేవారి కోపం మాత్రం అతని మీద పడినది.

చెన్నరాష్ట్రంలో ఇందుకు భిన్నమైన వింత జరిగినది. 1937లో రాజాజీ మంత్రివర్గం సేలం జిల్లాలో మద్యనిషేధం ఆరంభించి, మరుసటి యేడు చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసినది. మంత్రివర్గం రాజీనామా చేసిన పిమ్మట, యుద్ధం నడుమ, రాబడి కావలసిన గవర్నరు పాలన ఆ నిషేధాన్ని ఎత్తివేసినది. యుద్ధం ఒకచోట దుకాణం మూయించినది, మరొకచోట తెరిపించినది. రెండు చోట్లా ఖజానా అవసరమే ప్రధానమైనది. అమ్ముకొనే చిన్నవానిని అడిగినవారు లేరు.

ఈ కాలంలోనే ధర్మభిక్షం ఆంధ్రమహాసభలోను, కమ్యూనిస్టు ఉద్యమంలోను పనిచేయసాగినారు. 1941లో కోదాడ ప్రాంతపు చిలుకూరులో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన మహాసభ జరిగినది. 1944లో భువనగిరి మహాసభతో అది సామాన్య రైతుల సంస్థగా మారినది. పల్లె పల్లెనా సంఘాలు వెలసినవి. వెట్టి చేయరాదు, అక్రమ వసూళ్లు చెల్లించరాదు అనే మాట గడీల గోడలు దాటి వినిపించినది. సంఘంలో చేరినవారిలో రైతులతోపాటు చాకలి, మంగలి, కుమ్మరి, గీతగాడు అందరూ ఉన్నారు. వెట్టి అందరిదీ గనుక సంఘమూ అందరిదీ అయినది.

చెట్ల నరికివేత

1947 ఆగస్టులో దేశం స్వతంత్రమైనా నిజాము తన సంస్థానాన్ని భారతదేశంలో కలుపుటకు అంగీకరించలేదు. స్వామి రామానందతీర్థ నాయకత్వంలోని స్టేటు కాంగ్రెసు సత్యాగ్రహం ప్రారంభించినది. నిజాము ఖజానాను దెబ్బ తీయుట ఆ పోరాటంలో ఒక భాగం. అందుకై కరోడ్‌గిరి నాకాలను ధ్వంసం చేసినారు. అబ్కారీ రాబడికి మూలమైన తాటి, ఈతచెట్లను నరికినారు. సరిహద్దు తాలూకాలలో ఈ పని విరివిగా జరిగినది. నిజాము ఆదాయానికి గండి పడినది నిజమే.

అయితే అదే గొడ్డలి మరొక ఇంటి మీద కూడా పడినది. తాడిచెట్టు కల్లుకు వచ్చుటకు పదిహేనేండ్లో, అంతకు మించియో పడుతుంది. తాత నాటినది మనుమడు గీస్తాడు. ఒక గంటలో కూలిన చెట్టు ఒక గీతగాని ఆయుర్దాయంలో మరల రాదు. రాజు ఓడిపోవలెనని ఆ గీతగాడు కూడా కోరుకొన్నవాడే. సంఘంలో జెండా పట్టినవాడే. రాజు ఆదాయం, తన అన్నం ఒకే చెట్టు మీద ఉండుట అతని దురదృష్టం. చెట్టును నరుకుట ద్వారా సర్కారును ఓడించుట సులభం. చెట్టును నిలిపి, దాని మీది గుత్తను మాత్రం తొలగించుట కష్టం. తరువాతి కాలంలో ధర్మభిక్షం చేపట్టిన పని అంతా ఈ రెండవ త్రోవలోనిదే.

1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించినది. బెజవాడ వైపు నుండి వచ్చిన దళం కోదాడ, సూర్యాపేటల మీదుగానే సాగినది. నిజాము పాలన అంతమైనది. కాని రైతుల సాయుధ పోరాటం ఆగలేదు. 1951 అక్టోబరు వరకు సాగినది. ఆ సంవత్సరాలలో ఎందరో కార్యకర్తల వలెనే ధర్మభిక్షం కూడా యేండ్ల తరబడి కారాగారవాసం అనుభవించినారు.

1952లో తొలి సాధారణ ఎన్నికలు వచ్చినవి. కమ్యూనిస్టులు పీపుల్సు డెమోక్రటిక్ ఫ్రంటు పేరిట పోటీ చేసినారు. నల్లగొండ జిల్లా ఆ ఎన్నికలలో దేశానికంతటికీ వార్త అయినది. రావి నారాయణరెడ్డి పార్లమెంటుకు అపారమైన ఆధిక్యంతో గెలిచినారు. సూర్యాపేట నుండి ధర్మభిక్షం హైదరాబాదు శాసనసభకు ఎన్నికైనారు. ముప్పదేండ్ల వయస్సులో, ఒకప్పుడు జోలె పట్టి తిరిగిన ఊరి ప్రతినిధిగా ఆయన సభలో అడుగుపెట్టినారు. 1957లో నకిరేకల్లు నుండి, 1962లో నల్లగొండ నుండి మరల శాసనసభకు ఎన్నికైనారు.

పొలిమేరకు ఇరువైపుల

ఈ యేండ్లలో కోదాడ పొలిమేర ఒక విచిత్రమైన గీతగా మారినది. చెన్నరాష్ట్రంలో యుద్ధానంతరం మద్యనిషేధం మరల ఆరంభమై, 1948 అక్టోబరు 2 నాటికి రాష్ట్రమంతటా అమలులోకి వచ్చినది. కోదాడకు తూర్పున జగ్గయ్యపేట కృష్ణా జిల్లాలోనిది. అక్కడ కల్లు గీయుట నేరం. కోదాడలో అది సర్కారుకు పన్ను కట్టే వృత్తి. కోదాడ ప్రక్కనే ఉన్న మునగాల పరగణా సంగతి మరీ వింత. నిజాము ఊళ్ల నడుమ దీవివలె ఉన్న ఆ పరగణా కృష్ణా జిల్లాకు చెందినది గనుక నిషేధం అక్కడా వర్తించినది. 1959లో గాని అది నల్లగొండ జిల్లాలో కలియలేదు. మిర్యాలగూడకు దక్షిణంగా కృష్ణ దాటితే గుంటూరు జిల్లా, అక్కడా నిషేధమే. ఒకే జాతి చెట్టు, ఒకే కులపు మనిషి, ఒకే కత్తి. ఏటికి ఇవతల గీస్తే వృత్తి, అవతల గీస్తే జైలు.

అవతలి ఒడ్డున గీతగాండ్ర బాధ ఒక ప్రభుత్వాన్నే కూల్చినది. 1953లో ఆంధ్రరాష్ట్రం అవతరించి టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి అయినారు. నిషేధం వలన గీతగాండ్రు ఉపాధి కోల్పోయినారు, దొంగసారా పెరిగినది. గౌతు లచ్చన్న నాయకత్వంలో గీతగాండ్రు సత్యాగ్రహం చేసి జైళ్లకు పోయినారు. ఈ విషయం పరిశీలించిన రామమూర్తి సంఘం నిషేధాన్ని ఎత్తివేయుట మంచిదని సూచించినా ప్రభుత్వం వెనుకముందాడినది. తుదకు 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు ఆధిక్యంతో నెగ్గి, ఆంధ్రకేసరి ప్రభుత్వం పడిపోయినది. ఆంధ్ర ప్రాంతంలో నిషేధం మాత్రం 1969 వరకు తొలగలేదు. 1956లో రెండు ప్రాంతాలు కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మట కూడా ఒకే రాష్ట్రంలో రెండు చట్టాలు నడిచినవి.

మద్యనిషేధం గాంధీమహాత్ముని ఆశయం. త్రాగుడు వలన ఎన్ని సంసారాలు చెడినవో ఎరిగినవారెవరూ దానిని తేలికగా త్రోసిపుచ్చలేరు. కాని ఆ ఆశయాన్ని శాసనంగా మార్చినప్పుడు శిక్ష మొట్టమొదట ఎవరికి పడినదో ఆంధ్ర జిల్లాల అనుభవం తెలుపుతున్నది. గుత్తేదారు తన పెట్టుబడిని మరొక వ్యాపారానికి మార్చుకొన్నాడు. త్రాగేవాడు దొంగసారా వెదకుకొన్నాడు. మోకు, ముత్తాదు తప్ప మరొక ఆస్తి లేని గీతగాడు కూలికి పోయినాడు. లేకపోతే చీకటిలో చెట్టెక్కి పట్టుబడినాడు. ఇవతలి ఒడ్డున ఉన్న ధర్మభిక్షానికి ఇది కండ్లెదుటి పాఠం.

సహకార సంఘాలు

తెలంగాణాలో నిషేధం లేదు. అయినా గీతగాని బ్రతుకు బాగుపడలేదు. రాజు పోయినా వేలం పోలేదు. గుత్తేదారులు పోటీపడి పాట పెంచినకొద్దీ ఆ భారం గీతగాని కూలిలో కోత రూపంగా దిగేది. ఈ దుస్థితికి విరుగుడుగా ధర్మభిక్షం గీత పనివారలను సంఘంగా కూర్చినారు. వారి కోర్కెలు కొద్ది మాటలలో చెప్పదగినవి. వేలం ఆగవలె. చెట్టు గీసేవానికే అమ్మే హక్కు ఉండవలె. చెట్టుపన్ను భారం తగ్గవలె. చెట్టు మీద నుండి పడి చనిపోయినవాని కుటుంబానికి, అంగవైకల్యం పొందినవానికి సర్కారు ఆదరువు చూపవలె.

మొదటి రెండు కోర్కెలకు ఆచరణ రూపమే కల్లుగీత సహకార సంఘం. ఒక ఊరి, లేక కొన్ని ఊళ్ల గీతగాండ్రు సభ్యులై సంఘం పెట్టుకొంటారు. దుకాణం హక్కును సంఘమే నేరుగా ప్రభుత్వం నుండి పొందుతుంది. పన్నును సంఘమే చెల్లించేది. ఖర్చులు పోగా మిగిలినది సభ్యులది. చూచుటకు ఇది చిన్న ఏర్పాటు. కాని తరతరాలుగా గుత్తేదారు ముందు చేతులు కట్టుకొని నిలిచినవాడు లెక్కల పుస్తకం ముందు కూర్చున్నాడు. అధ్యక్షుని ఎన్నుకొన్నాడు, జమాఖర్చులు అడిగినాడు. సూర్యాపేట వసతిగృహంలో చదువు నేర్పిన మనిషి సహకార సంఘంలో లెక్క నేర్పినారు. రెంటి వెనుక ఉన్న బుద్ధి ఒక్కటే.

1968లో రాష్ట్రమంతటికీ వర్తించే ఆబ్కారీ చట్టం వచ్చినది. హైదరాబాదు సంస్థాన కాలపు పాత అబ్కారీ శాసనం అంతటితో తొలగినది. సహకార సంఘాలకు, సొంతంగా గీసుకొనే గీతగాండ్రకు లైసెన్సులిచ్చే పద్ధతులు నియమాలలో చోటు చేసికొన్నవి. వీధులలో ఊరేగింపులు, కచేరీల ముందు ధర్నాలు, సభలో ప్రశ్నలు లేకుండా ఆ చోటు దొరికేది కాదు. ఆ శ్రమలో ధర్మభిక్షం పాలు పెద్దది.

అయితే విజయం సంపూర్ణమని చెప్పుట సరి కాదు. కొన్ని చోట్ల సంఘం పేరు సభ్యులదై, పెత్తనం చాటున ఉన్న ధనికునిదైనది. పట్టణాలలో కల్లుకు గిరాకీ చెట్టు ఇచ్చేదానికి మించగా, మత్తుమందులు కలిపిన కల్తీకల్లు బయలుదేరి పేదల ప్రాణాలతో చెలగాటమాడినది. దాని అపకీర్తి నిజంగా చెట్టెక్కి గీసేవానికి అంటినది. ఇంకొక ప్రక్క సర్కారు వేలం వేసిన సారా పల్లెలలో కల్లును వెనుకకు నెట్టినది. 1967లో నాగార్జునసాగరు ఎడమ కాలువకు నీరు వదలినారు. మిర్యాలగూడ, కోదాడ ప్రాంతపు మెట్టలు మాగాణులైనవి. రైతుకు అది వరమే. కాని వరిమడికి నీడ పనికి రాదు గనుక గట్ల మీది తాళ్లు తరిగిపోసాగినవి. శాసనం చేయలేని పనిని కాలువ నీరు మెల్లగా చేసినది.

వృద్ధాప్యంలో ఢిల్లీకి

1991లో, అరువది తొమ్మిదేండ్ల వయస్సులో ధర్మభిక్షం నల్లగొండ నుండి కమ్యూనిస్టు పార్టీ పక్షాన లోక్‌సభకు ఎన్నికైనారు. ఆ మరుసటి యేడు నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకొన్న స్త్రీలు సారాకు వ్యతిరేకంగా లేచినారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించినది. 1993 అక్టోబరులో సారా నిషేధింపబడినది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చినది. నలభై యేండ్ల క్రిందటి ఆంధ్రరాష్ట్ర చరిత్ర పునరావృతం కానున్నదా అని గీతగాండ్ర గుండెలు ఝల్లుమన్నవి. కాని ఈసారి శాసనం కల్లును నిషేధం నుండి మినహాయించినది. 1948లో గీతగాని పేరు తలవని శాసనానికి, 1995లో అతనిని గుర్తుంచుకొన్న శాసనానికి నడుమ ఉన్నది గీతగాండ్ర సంఘాలు చేసిన దీర్ఘకాలపు పోరాటం. ఇరుప్రాంతాలలోని నాయకులకు అందులో పాలు కలదు.

1996 ఎన్నిక మరొక కారణం చేత చరిత్రకెక్కినది. నల్లగొండ నీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు వంగిపోయిన పల్లెల గోడును దేశానికి వినిపించుటకు వందలమంది నామినేషన్లు వేసినారు. ఒక్క నియోజకవర్గంలో 480 మంది అభ్యర్థులు నిలిచినారు. ఓటు కాగితం పుస్తకమంత కాగా, పోలింగు వాయిదా వేయవలసి వచ్చినది. అంతమంది నడుమ గెలిచినవారు ధర్మభిక్షం. ఆయన విజయం కంటె ఆ నీటి గోడు పెద్దదని ఎరిగినవారు గనుక, ఆ ఎన్నికను నల్లగొండ ప్రజలు ఆయన గెలుపుగా కంటె తమ నిరసనగానే గుర్తుంచుకొన్నారు.

2011వ సంవత్సరం మార్చి 26వ తేదీన హైదరాబాదులో ఆయన కన్ను మూసినారు. అప్పటికి ఎనుబది తొమ్మిదేండ్లు. తెలంగాణా రాష్ట్రం 2014లో ఏర్పడినది. 2016లో సూర్యాపేట జిల్లా కేంద్రమై కోదాడను తనలో కలుపుకొన్నది. ఆ రెంటినీ చూచుటకు ఆయన లేరు.

ధర్మభిక్షం జీవితంలో విద్యార్థులు నేర్వదగినది పరిశీలించి చూస్తే కానవస్తుంది. యుద్ధమైనా, స్వాతంత్ర్య పోరాటమైనా, సంఘసంస్కరణమైనా, ఒక పెద్ద ఆశయం దేశం మీదికి వచ్చినప్పుడు దాని మూల్యాన్ని అందరూ సమానంగా చెల్లించరు. అందరికంటె తక్కువ కలవాడు అందరికంటె ముందుగా చెల్లిస్తాడు. ఐర్లండు పల్లెలోని చిన్న దుకాణదారుడు, కృష్ణ ఒడ్డున చెట్టు దిగిన గీతగాడు ఒకరినొకరు ఎరుగరు. వారి లెక్క మాత్రం ఒక్కటే. ఆ లెక్కను ఎవరో ఒకరు సభలో చదివి వినిపించవలె. సూర్యాపేట ఇండ్ల ముందు గింజలడిగి పిల్లలకు అన్నం పెట్టిన మనిషి, ఆ తరువాత అరువదేండ్లు చేసినది ఆ పనియే. అడుగుట ఆయనకు చిన్ననాటి అభ్యాసం. తనకోసం కాక అడుగుట ఆయన పేరులోనే ఉన్నది.